దూరం నుంచి ఫోను

రోజంతా జనాన్ని లైన్లో ఉండమని చెప్పడమే ఆమె ఉద్యోగం. అలాంటిది ఇవాళ ఒక పెద్దాయన ఆమెనే లైన్లో ఉండమన్నాడు. లైన్లో ఉండు తల్లీ, ఆ పెద్ద కొమ్మ ఒక్కటీ కోసేసి వస్తాను, నువ్వు మళ్లీ ఒకసారి చూసి చెబుదువుగాని, అని రిసీవరు బల్ల మీద పెట్టాడు. పెట్టిన చప్పుడు హెడ్‌సెట్లో టక్కుమంది. చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిన చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు, అంతలోనే ఆమె ఎదుటి తెర పైఅంచు ఎర్రబడి దాని మీద తెల్లటి అక్షరాలు: నేల మీది కేంద్రాల్లో సాఫ్ట్‌వేర్ లోపం, ఉపగ్రహ ఇంటర్నెట్ సర్వీసు అందరికీ ఆగిపోయింది, కస్టమర్లను చెట్ల గురించీ రూటర్ల గురించీ అడగవద్దు. అడగవద్దట. అడిగేసింది. అడగడమేమిటి, చెప్పేసింది కూడా, మీ డిష్‌కి మీ చెట్టే అడ్డం సార్ అని, చూసొచ్చినంత నమ్మకంగా. సార్, అంది ఇప్పుడు. సార్, ఒక్క నిమిషం ఆగండి సార్, అని గొంతు పెంచింది. పక్క సీటు అమ్మాయి తల తిప్పి చూసింది. బల్ల మీద పడుకున్న రిసీవర్లోంచి తన కేక ఆ గదిలోకి దోమ రొదలా వెళ్తుందని ఆమెకు తెలుసు. దోమ పిలిస్తే పెరట్లో ఉన్న మనిషి వెనక్కి తిరగడు.

పెట్టేసి మళ్లీ చేద్దామంటే కుదరదు. రిసీవరు పక్కన పెట్టిన ఫోనుకి ఎవరు చేసినా ఎంగేజే, ఇప్పుడు తెగిందంటే ఆ ఇంటికి ఇంక దారి లేదు. పలకని కస్టమరును మూడుసార్లు పిలిచి లైను వదిలేయాలని రూలుంది, ఆ రూలు పెట్టినవాడి చెట్టు ఎవరూ కొట్టి ఉండరు. హాలంతా తేనెతుట్టె కదిపినట్టుంది. పొద్దుటి నుంచీ ఇదే వరస, గెలిచే ఆట సగంలో పోయిందని ఒక చదరంగం పిచ్చాయన, ఉద్యోగం ఇంటర్వ్యూలో తన మొహం నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఆగిపోయిందని ఒక అమ్మాయి, నడిసముద్రంలో ఉన్నాను నీకేం తెలుసు నా బాధ అని ఒక పడవాయన. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆకాశం మీద కోపమంతా ఆమె చెవిలో పోస్తారు. ఆమె నొచ్చుకోదు. లిఫ్టు మెకానిక్కు పెళ్లాం నొచ్చుకోకూడదు. లిఫ్టు మధ్యలో ఆగితే లోపలున్నవాళ్లు తలుపు తెరుచుకునేదాకా దేవుడా దేవుడా అంటారు, తెరుచుకోగానే తెరిచినవాణ్ణి తిడతారు, తిట్టారంటే బతికున్నట్టే కదా అంటాడు ఆమె మొగుడు, అన్నం కలుపుకుంటూ, ఏదో శుభవార్త చెప్పినట్టు. తిట్టేవాళ్లతో ఆమెకెప్పుడూ ఇబ్బంది లేదు. ఈ పెద్దాయన తిట్టలేదు. అక్కడే వచ్చింది చిక్కు. తిట్టి ఉంటే ఆమె కాస్త ఆలోచించి మాట్లాడేది. ఎంతసేపు నిలబెట్టానో ఏమో నిన్ను, అని ఆయనే క్షమాపణలాంటిది చెప్పుకున్నాడు, ఆమె ఏసీలో కూర్చుని ఉంటే.

తెర మీద ఆ ఇంటి ఆకాశపు బొమ్మ ఇంకా అలాగే ఉంది. డిష్ తన తలపైన చూసే ఆకాశాన్ని ఒక గుండ్రటి పళ్లెంలా గీస్తుంది, ఏమీ అడ్డం లేనిచోట నీలం, అడ్డం ఉన్నచోట ఎరుపు. ఆయన పళ్లెం అంచున ఒక ఎర్రటి మరక. ఆ మరక నిన్న కూడా ఉంది, పోయిన నెలా ఉంది, డిష్ బిగించిన రోజు నుంచీ ఉంది. గాలేస్తే ఒకట్రెండు నిమిషాలు చూపు మసకబారుతుందే తప్ప, దాంతో ఎప్పుడూ కొంప మునగలేదు. కానీ స్క్రిప్టులో మొదటి ప్రశ్న రూటరు, రెండో ప్రశ్న తీగ, మూడో ప్రశ్న చెట్టు, మూడో ప్రశ్న దగ్గర ఎర్రమరక కనబడితే ఇక నాలుగో ప్రశ్న ఉండదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పైన ఏం జరిగినా ఇక్కడ తప్పు చెట్టుదే అని టీ దగ్గర వాళ్లు నవ్వుకునేవారు, ఆమె కూడా నవ్వేది, ఎక్కువగా నవ్వేది. జామచెట్లు ఇన్ని, బాదంచెట్లు ఇన్ని అని పందేలు కాసేవారు. ఫోనులో చెప్పే చెట్టుకు ఆకులుండవు, నీడుండదు, ఎర్రమరక ఒకటే ఉంటుంది. ఈ చెట్టుకు మాత్రం కింద బెంచీ ఉంది. ఆయన చెప్పాడు.

ఎందుకు చెప్పాడో, జనం ఎందుకు చెబుతారో అవన్నీ, నెట్ రావట్లేదని మొదలుపెట్టి వాళ్ల గుండె దాకా తీసుకెళ్లి చూపిస్తారు. ఆయన భార్యకు జ్ఞాపకం జారిపోతోందట. ఇల్లు ఇల్లని తెలీదు. మధ్యాహ్నం అయ్యేసరికి చేతిసంచి పట్టుకుని బయల్దేరుతుంది, మా ఇంటికెళ్లాలి అని. ఏ ఇల్లమ్మా అంటే చెప్పలేదు. వీధిలోకి వెళ్లిపోయి రెండుసార్లు తప్పిపోయింది కూడా. ఒకరోజు ఏం తోచిందో ఆ చెట్టు కింది బెంచీ మీద కూర్చుని ఇది బస్టాపు అనుకుంది, అంతే, ఆ రోజు నుంచి గొడవ లేదు. రోజూ కాళ్ల దగ్గర సంచి పెట్టుకుని ఆ నీడలో బస్సు కోసం చూస్తుంది, చల్లబడ్డాక ఆయన వెళ్లి బస్సు రేపటికి మారిందటమ్మా అంటే సరేనని లోపలికొస్తుంది. నేనెవరో తెలీదు తల్లీ, నన్ను డ్రైవర్ బాబూ అంటుంది, పోన్లే, కండక్టర్ అనలేదు, పైమెట్టే ఇచ్చింది, అని నవ్వాడు పెద్దాయన. ఆ నవ్వుకి ఆమె కూడా నవ్వింది, స్క్రిప్టులో లేకపోయినా. ఇవాళ నాలుగింటికి పెద్ద డాక్టరు వీడియో కాల్లో ఆవిణ్ణి చూస్తానన్నాడు. మాట వింటే చాలదట, నడిపించి చూడాలి, బొమ్మలు చూపించి అడగాలి. ఈ రోజు దొరకడానికి ఎంతమందిని బతిమాలాడో. తప్పితే మళ్లీ ఎప్పుడో. కొమ్మ పోతే నీడ పోతుంది, నీడ పోతే ఆ బస్టాపు ఆవిడకి బస్టాపులా కనబడుతుందో లేదో, ఇవన్నీ ఆయన ఆమెతోనే అనుకున్నాడు, సలహా అడిగినట్టు కాదు, తనలో తాను. చివరికి, నీడదేముందిలే, గొడుగు పట్టుకుని పక్కన నిలబడతాను, డ్రైవర్నే కదా, అన్నాడు. అప్పుడైనా ఆమె ఒక్క మాట అనొచ్చు, కాస్త ఆగండి సార్, పైన ఇంకేదైనా లోపమేమో కనుక్కుంటాను అని. అనలేదు. కుడివైపు పెద్ద కొమ్మండీ, అది తీస్తే చాలు, అంది, తెర మీది మరకను కర్సరుతో గీరుతూ.

రంపం మొదలైంది. ముందు ఏదో ఈల అనుకుంది, తర్వాత తెలిసింది. దూరంగా, ఏ కిటికీలోంచో, గర్రుగర్రుమని, పచ్చి కొయ్యలో ఇరుక్కుని ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ. ఆ చప్పుడుకు ఇవతల గది ఉంది, ఆమె చెవి ఆ గదిలో కూర్చుని ఉంది. గోడగడియారం ఒకటి. ఫ్రిజ్ గొణుగుడు. ఎక్కడో కుళాయి, బొట్టు, మళ్లీ బొట్టు. కుళాయి కారుతోంది, బాగుచేయించుకోమను పక్కింటి అత్తయ్యగారిని, అన్నాడు నాన్న ఆమె చిన్నప్పుడొకసారి. సెలవుకి వచ్చి, పెట్టె కింద పెట్టీ పెట్టకముందే. నాన్న గనుల్లో పనిచేసేవాడు, ఫోను చేస్తే పక్కింటికే చెయ్యాలి, వీధి మొత్తానికి ఫోను అక్కడే. పక్కింటావిణ్ణి అందరూ ఫోనత్తయ్య అనేవారు. ఫోనత్తయ్య రిసీవరు బల్ల మీద పెట్టి, పిట్టగోడ దగ్గరకొచ్చి, మీకు ఫోనూ, దూరం నుంచీ అని ఒక్క కేక వేసేది. ఆ దూరం నుంచీలో ఏముండేదో, పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే, అమ్మ తడిచేతులతో, తను చెప్పులు చేత పట్టుకుని పరుగు. దూరం నుంచి వచ్చిన ఫోనును కాయించకూడదని పసిపిల్లలకి కూడా తెలిసిన రోజులవి. వాళ్లు చేరేదాకా నాన్న ఆ చివర ఎక్కడో గనుల దగ్గర బూత్‌లో నిలబడి ఫోనత్తయ్య ఇల్లు వినేవాడు. అలా విని విని కుళాయి సంగతి పట్టేశాడు. పానా తీసుకుని వెళ్లి బాగుచేసి వచ్చాడు కూడా, ఫోనత్తయ్య ఆశ్చర్యపోయింది, ఆ ఊళ్లో ఉండి నీకెలా తెలిసింది తమ్ముడూ అని. అంతసేపు ఖాళీగా ఎలా నిలబడేవాడివి నాన్నా, విసుగు రాదా, అని తను అడిగింది ఒకసారి. ఖాళీ ఏముందే, మన వీధి వినబడేది, అన్నాడు. అప్పుడది అర్థం కాలేదు. నాన్న పోయి ఇన్నేళ్లయ్యాక, ఎవరి గదిలోనో ఎవరి కుళాయో కారుతుంటే, ఇప్పుడు అర్థమై ఏం లాభం, ఎవరికి చెప్పాలి. రంపం ఆగింది. ఆగిందా. లేదు, ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ వయసులో అంత ఎండలో, జారితే, నిచ్చెన వేశాడో ఏమో, నేనే ఎక్కించాను. మళ్లీ గర్రుమంది.

వెనకాల గడియారం వచ్చి నిలబడింది. గడియారమంటే టీమ్ లీడరు, ఎవరి కాల్ ఎంతసేపు నడుస్తోందో చూస్తూ సీట్ల మధ్య తిరుగుతూ ఉంటాడు కనక ఆ పేరు. మనిషి చెడ్డవాడు కాదు, ముల్లు తిరగడం ఆపితే వాడి ఉద్యోగం పోతుంది. కస్టమరు లైన్లో లేడు కదా, అన్నట్టు చేయి తిప్పాడు. ఉన్నాడు, అన్నట్టు ఆమె తలూపింది. లేడు. ఎవరూ లేరు. కొమ్మ పడితే పెద్ద చప్పుడవుతుంది, అది వినడానికి కూర్చుందా తను, పోయినవాళ్లింట్లో కూర్చున్నట్టు కూర్చుందా, అని తన మీద తనకే చిరాకు వేసింది. చిరాకు కాదు, ఏడుపు. సరిగ్గా అప్పుడు గదిలో ఏదో జరిగింది. గాజులు. కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో తనలో తాను సన్నగా రాగం తీస్తూ దగ్గరికి వచ్చారు. రిసీవరు లేచింది.

"ఎవరండీ?"

మా సర్వీసును ఎంచుకున్నందుకు, అనబోయిన నాలుకను కరుచుకుంది. అమ్మా, బయట చెట్టు కోస్తున్నారు కదా, ఆయన్ని ఆపమని చెప్పండమ్మా, తొందరగా, అంది. ఆ గొంతు హాయిగా నవ్వింది. ఆ డ్రైవరా, వాడు మనం చెబితే వింటాడా, బస్సుకు అడ్డమట, కోస్తున్నాడు, అంది. మీవారిని పిలవండమ్మా అంటే, మావారు ఇంట్లో లేరండీ, డ్యూటీకి వెళ్లారు, సాయంత్రం చెయ్యండి, అంది ఎంతో మర్యాదగా, ఏమీ సందేహం లేకుండా. ఏం చెప్పాలి. నేల మీది కేంద్రం, సాఫ్ట్‌వేర్, లోపం, ఇవన్నీ ఎవరికి చెప్పాలి. ఉంటానండీ, నాకు బస్సు టైమయింది, అంటోంది ఆవిడ, రిసీవరు చెవి నుంచి దూరమవుతోంది, గాజులు కిందికి జారుతున్నాయి, ఇప్పుడు ఆవిడ దాన్ని పద్ధతిగా ఫోను మీద పెట్టేస్తే అయిపోయింది. ఫోను మా వీధిలో మొదట మాకే వచ్చింది తల్లీ, అన్నాడు పెద్దాయన ఇందాక, ఏదో మాటల్లో, వీధిలో ఎవరికొచ్చినా ఈవిడే పరుగెత్తి పిలుచుకొచ్చేది, ఇప్పుడు ఎత్తడం కూడా మానేసింది. ఆ మాటా, పిట్టగోడా, అమ్మ తడిచేతులూ అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి.

"మీవారికి ఫోనమ్మా. దూరం నుంచి."

జారుతున్న గాజులు ఆగాయి.

"దూరం నుంచా? పెట్టెయ్యకండి. ఉండండి, పిలుస్తాను."

డ్యూటీకి వెళ్లిన మనిషిని ఎక్కడి నుంచి పిలుస్తుందో ఆవిడ ఆలోచించలేదు. ఆ కాలంలో ఎవరూ ఆలోచించేవారు కాదు, ముందు పరుగెత్తేవారు. రిసీవరును చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది, అవతలివాళ్ల చెవి అదిరిపోకూడదని తెలిసిన చెయ్యి అది. అడుగులు పడ్డాయి, ఇందాకటి రాగం తీసిన అడుగులు కావు, పనున్న అడుగులు. తలుపు. తర్వాత రంపమే. ఆవిడ గడప దాటగానే మరచిపోయి ఉంటుంది. బెంచీ కనబడి ఉంటుంది, సంచి గుర్తొచ్చి ఉంటుంది, కోస్తున్న కొమ్మ కిందికే వెళ్లి కూర్చుంటే, దేవుడా, ఈ ముక్క ముందు ఎందుకు తోచలేదు నాకు, ఆయన పైకి చూస్తూ కోస్తుంటాడు, కింద ఆవిడ. ఆమె లేచి నిలబడింది, హెడ్‌సెట్ తీగ మెడను లాగింది, నిలబడి ఏం చెయ్యాలో తెలీక నిలబడే ఉంది. తెర మీద క్యూలో ఉన్నవాళ్ల సంఖ్య పెరుగుతూ పోతోంది, వాళ్లంతా తిట్లు సిద్ధం చేసుకుంటున్నారు, చేసుకోనీ. రంపం ఒకసారి గట్టిగా గర్రుమని, ఆగింది. మళ్లీ మొదలవ్వలేదు. కొమ్మ పడ్డ చప్పుడు లేదు. గోడగడియారం, ఫ్రిజ్, కుళాయి బొట్టు. చాలాసేపు ఆ ఇల్లు ఆమెకు అవి తప్ప ఏమీ చెప్పలేదు.

చివరికి రిసీవరు లేచింది. ముందు ఊపిరి వచ్చింది, పెద్దాయన ఊపిరి. ఆమే మొదలుపెట్టింది. ఇక్కడ తప్పు అనే మాట వాడకూడదు, అసౌకర్యం అనాలి, ఉద్యోగంలో చేరిన రోజే నేర్పుతారు.

"సార్, కొయ్యకండి. తప్పు మాది, చెట్టుది కాదు. మీకు పొరపాటున చెప్పాను. నెట్ ఎవరికీ లేదు, అందరికీ పోయింది."

"సగం దాకా దిగిందమ్మా రంపం," అన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. "పర్లేదులే, ఊతం పెట్టి కడతాను, బతుకుతుంది. అది కాదు తల్లీ." గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ గుమ్మంలోకొచ్చి పిలిచింది. ఏవండీ, మీకు ఫోనూ అంది. నన్నే. డ్రైవర్ బాబూ అనలేదు. ఏవండీ అంది."

ఇలాంటి చోట ఏమనాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆవిడ ఏం చేస్తున్నారు సార్ ఇప్పుడు, అని మాత్రం అడిగింది. మళ్లీ బెంచీ దగ్గరికి వెళ్లిందట, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుందట, ఈయన దగ్గరికి వెళ్లి చూస్తే, ఎండలో ఎందుకు బాబూ ఆ పని, అందట. అంటే అయిపోయింది. వచ్చింది, వెళ్లిపోయింది. ఆమె గబగబా నాలుగింటి సంగతి ఎత్తుకుంది, నెట్ అప్పటికి రాకపోతే డాక్టరుగారికి ఈ ఫోన్లోనే చేసి జరిగింది చెప్పండి సార్, మా వైపు నుంచే ఆగిపోయిందని నేను రాసిస్తాను, ఇంకో రోజు అడగండి, అంటోంది. సరేనమ్మా, ఆ సంగతి చూసుకుంటాలే, అంటున్నాడు ఆయన, వింటున్నాడో లేదో. లైన్లో కుళాయి బొట్టు వినబడుతోంది.

"నువ్వేమీ అనుకోనంటే ఒకటి అడుగుతాను," అన్నాడు. "నువ్వు పెట్టేసి, మళ్లీ ఒక్కసారి చెయ్యి తల్లీ. ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టి, నేను బయట చెట్టు దగ్గర ఉంటాను. నీ ఫోను ఆవిడే ఎత్తాలి."

ఆ సీట్లోంచి బయటికి ఫోను చేయడానికి లేదు, టీమ్ లీడరు అనుమతి కావాలి. గడియారం ఇంకా వెనకే ఉన్నాడు. కస్టమరుకి తిరిగి చెయ్యాలి, నా పొరపాటు ఒకటుంది, అంది. ఏం పొరపాటు, అన్నాడు. చెట్టు, అంది. క్యూలో ఉన్న అంకె వంక చూశాడు, ఎర్రటి పట్టీ వంక చూశాడు, ఆమె మొహం చూశాడు. త్వరగా కానివ్వు, అని పక్క వరసలోకి వెళ్లాడు, నడకలో ఇంకెవరినో చూస్తున్నట్టు. ఆమె కూర్చుంది. ఆయన బయటికి చేరేదాకా అని కాసేపు ఆగింది, నిచ్చెన దగ్గరికో, బెంచీ దగ్గరికో, ఎక్కడ నిలబడితే పిలుపు బాగా వినబడుతుందో అక్కడికి. నంబరు నొక్కింది. మోగుతోంది. ఎత్తదేమో. ఇంకోసారి మోగింది. ఎత్తడం మానేసింది అన్నాడు కదా, ఇందాక ఏదో పడి ఉన్న రిసీవరు కనబడి తీసింది, అంతే. మోగుతూనే ఉంది. నాన్న ఆ బూత్‌లో నిలబడి ఇలాగే అనుకునేవాడా, ఇంట్లో లేరేమో, వినబడలేదేమో, ఇంకొక్కటి చూద్దాం, ఇంకొక్కటి. గాజులు గలగలమన్నాయి.

"ఎవరండీ?"

మీవారికి ఫోనమ్మా, దూరం నుంచి, అంది ఆమె. ఈసారి ఆ మాట అబద్ధంలా అనిపించలేదు. ఉండండి, పెట్టెయ్యకండి, అంది ఆవిడ. రిసీవరు మెత్తగా బల్లను తాకింది. పనున్న అడుగులు గది దాటాయి, తలుపు కిర్రుమంది. హాలంతా జనం ఒకరి మీద ఒకరు మాట్లాడుతున్నారు. ఆమె రెండు చేతులతో హెడ్‌సెట్‌ను చెవులకు అదుముకుని, ఎన్నడూ చూడని ఆ ఇంటిని వింటూ కూర్చుంది. దూరంగా, వెలుతుర్లోంచి వస్తున్నట్టు, ఒక వయసు మళ్లిన గొంతు వీధంతటికీ సరిపోయేలా పిలిచింది.

"ఏవండీ. మీకు ఫోనూ."

ఆయన వెంటనే పలకలేదు. ఇంకోసారి పిలిపించుకోవాలనేమో.